'మీ ఇష్టం' అంటే లేసిపోయే సారు

బంగారుపాళ్యం బస్టాండు కాడ ఆయనకి ఫ్లెక్సీ కట్టినారు. నల్ల కోటు, ఎర్ర టై. చూస్తానే నాకు ఒళ్ళు మండింది. తల ఆయనదే, కింద మనిషి ఎవురో. ఫ్లెక్సీ అంగట్లో ఒకే కోటు పెట్టుకోని ఉంటారు, చచ్చినోళ్ళందరికీ దాన్నే తొడుగుతారు. ఆయన బతికినన్నాళ్ళూ మోచేతుల పైకి మడిచిన ఖాకీ చొక్కా, జేబులో థర్మామీటరు, మోకాళ్ళ కాడ పేడ మరకలుండే ప్యాంటు. నేను మిషను కుట్టేదాన్ని, మనిషిని గుడ్డలతోనే గుర్తు పెట్టుకుంటా. ఆ చొక్కా కుడిచెయ్యి అంచు చినిగితే రెండుతూర్లు నేనే మడిచి కుట్టిచ్చినా. ఇప్పుడు కోటంట.

పేరు రాయను. ఆయనకి అట్లాంటివి గిట్టవు. పశువులాసుపత్రిలో కాంపౌండరు. మా పక్క ఊర్లల్లో అందురూ డాక్టరనే పిలిచేవాళ్ళు. పిలిచినప్పుడల్లా "డాక్టరమ్మ ఆసుపత్రిలో ఉండాదప్పా, నేను కాంపౌండర్ని" అని చెప్పేవాడు. వాళ్ళు "సరే డాక్టర్ సార్" అనేవాళ్ళు. మళ్ళా చెప్పేవాడు. విసుగనేదే లేదు ఆ మనిషికి. వినేవాళ్ళకే విసుగు.

ఇంకొకటి, చేతులు కడుక్కునేది. వచ్చినాక మూడుతూర్లు, పోయేటప్పుడు మూడుతూర్లు, మోచేతుల దాకా సబ్బు రుద్ది కడిగేవాడు. కడుక్కునేటప్పుడు దేవుడొచ్చి పలకరించినా పలకడు. "పీటల మీదికి పొయ్యే పెండ్లికొడుకు గూడా ఇంతసేపు కడుక్కోడు" అనేది మా అత్త. మజ్జిగిస్తే అరుగు మీద కూచోని లోటా ఎత్తిపట్టి తాగేవాడు. గడప దాటి లోపలికి రాడు.

అన్నిటికన్నా అందురికీ ఒళ్ళు మండే అలవాటు ఇంగొకటుండేది. మా పక్క ఆసుపత్రిలోగానీ, బడిలోగానీ, తాసిల్దారాఫీసులోగానీ ఎవురేమడిగినా మా నోట్లో రెడీగా ఉండే మాట "మీ ఇష్టం సార్". మర్యాదకి మర్యాద, తప్పించుకునేదానికి దోవ. ఆ మాట చెవినబడితే చాలు, ఆయన సంచి మూసి లేసేవాడు. "పసరం నీది. చేసేది నేను, చెప్పేది నువ్వు. నోటితో చెప్పు" అనేవాడు. చెప్పకపోతే మోపెడెక్కి పోతాడు, అంతే. ఒకాయన ఆవు ఈనలేక పడుకోనుంటే, లాగాల్నా డాక్టరమ్మని పిలిపీయాల్నా అని సారు అడిగినాడంట. ఆయప్ప "మీ ఇష్టం" అనినాడంట. సారు లేసి ఊరి బయటి దాకా పొయ్యినాడు. ఆయప్ప పంచ ఎగ్గట్టుకోని మోపెడ్ వెనక పరిగెత్తి "పిలిపీయండి, పిలిపీయండి" అని అరిస్తే తిరుక్కోనొచ్చినాడు. కాంపౌండరుకి ఇంత పొగరేందని ఊరంతా అనుకునేది. నేనూ అనుకున్నా, మా పిల్లికి జబ్బు చేసేదాకా.

ఇంట్లో మేము ఇద్దురే ఆడోళ్ళం, నేనూ మా అత్తా. మా ఆయనకి శ్రీసిటీలో కంపెనీ పని, ఆడనే రూము, నెలకి రెండు ఆదివారాలు వస్తాడు. పిల్లి యాడినించో వచ్చి మిషను కింద గుడ్డ పేలికల్లో పడుకునింది, ఇంగ పోలా. మా అత్త దానికి లచ్చిమి అని పేరు పెట్టింది. అత్తకీ నాకూ మాటల్లేని దినాల్లో మేము ఇద్దురం ఆ పిల్లితోనే మాట్లాడేవాళ్ళం. "లచ్చిమీ, కూరలో ఉప్పు లేదని చెప్పు" అంటే, "లచ్చిమీ, ఉప్పు డబ్బా ఆడనే ఉండాదని చెప్పు" అని.

మామిడికాయల కాలంలో ఒక దినం పొద్దున్నే అది ముక్కుతా ఉండాది. తోక కింద ఎర్రంగా, చిటికెనవేలంత బయటికొచ్చి ఉండాది. అత్త చూసి "ఈనుతా ఉండాది మే, నీళ్ళు కాగబెట్టు" అనింది. గోనెపట్ట పరిచింది. నేనూ నమ్మినా. పైటాల దాకా ఇద్దురం గొంతు కూచోని చూసినాం, పిల్ల రాలా. కాన్పు కష్టమైతే ఆముదం మంచిదని అత్త రెండు చెంచాలు పట్టించింది. పైన పసుపు పూసింది. ఇంగ దాని పాట్లు నేను చెప్పలేను. మాపటేలకి ఆ చిటికెనవేలు బొటనవేలయ్యింది. అప్పుడు సారుకి ఫోన్ చేసినా.

ఆయన వచ్చినాడు, చేతులు కడుక్కున్నాడు, తోకెత్తి చూసినాడు. 

"అమ్మా, ఇది మగది" అన్నాడు.

అత్త నోరు తెరిచింది. "అట్లయితే బయటికొచ్చిందేంది?"

"పేగు. దొడ్డికి పొయ్యే పేగు కొస తిరగబడి బయటికొచ్చింది. కడుపులో పురుగులుండి ఉంటాయి. బేదులయ్యి, ముక్కి ముక్కి ఇట్లయింది. దాని మీద మీరు ఆముదం పోసినారు." పసుపు తుడస్తా, "ఇంగ రోంత ఉప్పూకారం అద్దుంటే ఊరగాయ అయిపోయుండు" అన్నాడు. ఆయన నవ్వలా. నాకు నవ్వొచ్చింది గానీ అత్త చూపుకి మింగేసినా.

"లోపలికి తోసి కుట్టాల. చెయ్యమంటారా?"

"మీ ఇష్టం సార్" అనింది అత్త.

ఆయన లేసినాడు. నేను బిరీన "చెయ్యండి సార్" అనినా. మళ్ళా కూచున్నాడు. డాక్టరమ్మకి ఫోన్ చేసి మత్తు ఎంతియ్యాల్నో అడుక్కున్నాడు. గోరువెచ్చటి ఉప్పునీళ్ళతో పేగు కడిగినాడు. తర్వాత "చక్కెర తేమ్మా" అన్నాడు.

"కాఫీలో రోంత జాస్తి కావాల్నా సార్?"

"నాకు కాదు, దీనికి."

వాచిన పేగు మీద చక్కెర చల్లినాడు. చక్కెర నీటిని లాగేస్తుందంట, వాపు తగ్గుతుందంట. నిజంగానే పావుగంటకి ఆ బొటనవేలు వడిలి చిన్నదయ్యింది. నూనె పూసి చిటికెనవేలితో మెల్లిగా లోపలికి నెట్టినాడు. తర్వాత లంగాకి బొందు దోపినట్ల చుట్టూ దారం తిప్పి, లాగి, ముడేసినాడు. పూర్తిగా బిగిస్తే దొడ్డికి పోలేదు, అందుకని పెన్సిలు దూరేంత సందు పెట్టినాడు. నేను పిల్లిని పట్టుకోని ఉండాను, కండ్లు మాత్రం కుట్టు మీదనే.

"సార్, ఎడమపక్క కుట్టు రోంత దూరం పడింది" అనినా. అన్నాక నాలిక కరుచుకున్నా.

ఆయన అద్దాలు పైకి జరుపుకోని చూసినాడు. "నిజమే" అన్నాడు. ఆ పక్క దారం తీసి మళ్ళా కుట్టినాడు. అంత వయసు మనిషి, బ్లౌజులు కుట్టేదాని మాట విని కుట్టు విప్పినాడు. ఆ పొద్దునించీ నాకు ఆయనంటే గౌరవం.

పురుగుల మందిచ్చినాడు, గంజి మాత్రమే పొయ్యమన్నాడు, ఐదు దినాలకి వచ్చి కుట్టు తీసినాడు. పది దినాలకి మళ్ళా బయటికొచ్చింది. మళ్ళా చక్కెర, మళ్ళా కుట్టు. అది తీసిన వారానికి మళ్ళా.

ఆ నెల నేనెట్ల బతికినానో నాకే తెలీదు. పిల్లిని కోళ్ళగంప కింద మూసి పెట్టినా. కుట్టు నాకకుండా ప్లాస్టిక్ బకెట్టు మూత కోసి మెడకి తొడిగినా. వాకిలి తెరిస్తే కుక్కలు, కిటికీ తెరిస్తే ఈగలు, అన్నీ మూసుకోని లోపల నేనూ, అదీ, ఆ వాసనా. బయట హైవే మీద కాయల లారీలు పోతా ఉంటాయి. నాకు బ్లౌజు హుక్కులు తెచ్చుకునేదానికి అంగడికి గూడా పోయేదానికి లేదు. గంట గంటకి ఉప్పుగుడ్డ వెయ్యాల, లేకపోతే పేగు ఎండిపోతాది. అత్త దాన్ని ముట్టదు. మా చిన్నమ్మ కూతురి పెండ్లి చిత్తూరులో జరిగింది, పోలా. ఒగోసారి గంప కిందుండేది నేనా, అదా అనిపించేది.

వదిలించుకునేదానికి దోవ చూపించింది మా అత్త. "తోపులో ఇడిసిపెట్టి రా మే. దాని రాత."

"ఆడ కుక్కలు పీకి తింటే?"

"అది కుక్కల పాపం."

మా పక్క నమ్మకం ఒకటుండాది. పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానమియ్యాల, లేకపోతే ఆ పాపం ఇంటిని ఇడవదు. అందుకని పిల్లిని ఎవురూ చంపరు. ఇడిసిపెడతారు. గోనెసంచిలో వేసి వేరే ఊర్లో ఒదిలేస్తారు, సంచి మూతి మాత్రం విప్పుతారు. పుణ్యాత్ములు. "మనకి మెళ్ళో బంగారానికే గతి లేదు, పిల్లికి యాడ చేపిస్తావు" అనేది అత్త.

మా ఆయనకి ఫోన్ చేస్తే "అమ్మ ఎట్లంటే అట్ల మే" అన్నాడు. అత్తని అడిగితే "వాడెట్లంటే అట్ల" అనింది. తల్లీ కొడుకులు మాటని బంతి మాదిరి అటిటు తంతా ఉండారు. మధ్యలో నేను.

మూడోతూరి సారు వచ్చి చూసి, గంప బోర్లించి, అరుగు మీద కూచున్నాడు. మజ్జిగ వద్దన్నాడు.

"కొస నల్లబడతా ఉండాది పాపా. మళ్ళా కుడతా, మళ్ళా వస్తాది. ఇంగో దోవ, తిరపతిలో పెద్ద పశువులాసుపత్రికి తీసకపొయ్యేది. ఆడ కడుపు కోసి, పేగుని లోపలి గోడకి పట్టి కుడతారు. అది నా చేతిలో పని కాదు. బతకచ్చు. ఉండే నీరసానికి మత్తులోనే పోనూవచ్చు. ఇంగోటి సూది. నొప్పి లేకుండా నిద్రలో పోతాది. మీ అత్త చెప్పేది గూడా ఒకటుండాది, దాన్ని నేను దోవ అనను. చెప్పు."

నాకు చెప్పాలనే ఉండాది. గొంతు కాడికి వస్తా ఉండాది. కొయ్యమంటే చస్తాదేమో, నేను చంపినట్ల. సూదెయ్యమంటే నిజంగానే నేను చంపినట్ల. ఊరకుంటే కుళ్ళి చస్తాది. వెనకాల గడపలో అత్త నిలబడి ఉండాది. నా నోట్లోనించి వచ్చిందేందో తెలుసునా?

"మీ ఇష్టం సార్."

ఆయన సంచి మూసినాడు. లేసినాడు. మోపెడు కాడికి పొయ్యినాడు. నాకు యాడలేని కోపం వచ్చింది. వెనకనే పొయ్యి కడిగేసినా. "ఏం సార్, వెయ్యి పసరాల్ని చూసినోళ్ళు మీరు, బాబిన్‌కి దారం చుట్టుకునేదాన్ని నేను. నన్ను చెప్పమంటారేంది? తెలిసినోళ్ళు చెప్తే మీ సొమ్మేం పోతాది?"

ఆయన మోపెడు స్టాండు వేసినాడు. సంచి తెరిచి, దూది కింద చెయ్యి పెట్టి, మందు కాగితంలో చుట్టి దారం కట్టిన పొట్లం ఒకటి తీసినాడు. విప్పినాడు. చింతగింజంత బంగారు పిల్లి. చెవులుండాయి, తోకుండాది.

"ముఖం పందికొక్కు మాదిరుండాది గదా" అన్నాడు. "ఆచారి పిల్లిని సరిగ్గా చూసినట్ల లేదు."

నేను వంగి దాన్ని చూసినా.

"చిత్తూరులో పనిచేసేటప్పుడు ఒగరింట్లో పిల్లికి ఇదే జబ్బు. పేగు కుళ్ళిపోయింది. ఏం చెయ్యమంటారంటే ఇంటిల్లిపాదీ మీ ఇష్టం సార్ అన్నారు. చూడలేక నేనే సూదేసినా. వారానికి వాళ్ళింట్లో పెద్దాయన జారిపడి కాలిరిగింది. పిల్లినెవురు చంపినారంటే అందురి చెయ్యీ నా పక్కనే చూపించింది. మా ఇంటి ముందరకొచ్చి అరిచిపొయ్యినారు. నాకిట్లాంటి నమ్మకాల్లేవు. మా ఇంటామెకుండాయి. చెవి కమ్మలు తీసిచ్చింది, దీన్ని చేయించినా. చేయించినాక చూస్తే, దానం పట్టేవాళ్ళు లేరు. గుళ్ళో అయివోరు, పట్టినోడికే ఆ పాపమొస్తాది, నేను పట్టను, కాశీకి పో అన్నాడు. కాశీలో ఉండేది మాత్రం మనుషులు కాదా? అమ్ముదామంటే ఆమె కమ్మలు. పారేద్దామంటే బంగారం. ఇంట్లో పెట్టనీదు. అందుకని నా సంచిలో తిరగతా ఉండాది."

పొట్లం మళ్ళా కట్టినాడు, జాగ్రత్తగా, రెండు ముళ్ళేసి.

"సూదేసింది తప్పు కాదు పాపా. ఈ పొద్దయినా ఏస్తా. వాళ్ళు చెప్పాల్సిన మాట నేను చెప్పినా చూడు, అది తప్పు. వాళ్ళ పిల్లి అది. వాళ్ళు ఏడ్చుకోనుండాల్సింది, నన్ను తిట్టుకోని ఊరకున్నారు."

నేను ఇంటి పక్క తిరిగినా. అత్త గడపలోనే ఉండాది. పక్కింటోళ్ళకి గూడా వినబడేట్ల చెప్పినా. "తిరపతికి పోదాం సార్. కొయ్యమనండి. చస్తే నేను చంపినట్లే. ఇంకెవురూ చెప్పలా, నేనే చెప్పినా."

అత్త నోటి మీద చెయ్యి పెట్టుకునింది. సారు మాత్రం, అంగట్లో ఏదో అడిగితే చెప్పినంత మామూలుగా, "బుట్టలో తడిగుడ్డ వేసుకో, ఏడు గంటల బస్సుకి పోదాం" అన్నాడు.

రెండు బస్సులు మారినాం. దోవ పొడుగునా బుట్ట ఆయన ఒళ్ళోనే. ఆసుపత్రిలో కాగితమిచ్చి యజమాని సంతకం పెట్టమన్నారు, నేను పెట్టినా. లోపలికి తీసకపోయినాక మేము ఇద్దురం బయట బెంచీ మీద కూచున్నాం. ఆయన లేసి కొళాయి కాడికి పొయ్యి చేతులు కడుక్కోనొచ్చినాడు. కూచున్నాడు. మళ్ళా లేసి పొయ్యి కడుక్కోనొచ్చినాడు. ఆ పొద్దు ఆయన చేతికి పనే లేదు. పిల్లిని బయటికి తెచ్చే లోపల నాలుగుతూర్లు కడిగినాడు.

బతికింది. కడుపు బొచ్చు గీకేసి, ఏడు కుట్లు వేసినారు. సారు నన్నడిగినాడు, "కుట్టెట్లుండాది?"

"బాగుండాది సార్. దూరం సమంగా పడింది" అనినా. అప్పుడు ఏడ్చినా. ఆయన వేరే పక్క తిరుక్కోని నిలబడుకున్నాడు.

ఇంటికి తెచ్చినాక అత్త పదైదు దినాలు దానితోనూ మాట్లాడలా, నాతోనూ మాట్లాడలా. తర్వాత ఒక దినం సద్దిలో పెరుగు కలిపి "లచ్చిమీ, రా" అని పిలిచింది. అది మగదని ఇప్పటికీ ఒప్పుకోలా.

పోయినేడాది సారుకి పక్షవాతమొచ్చిందని తెలిసి చూసేదానికి పొయ్యినా. కుడిచెయ్యి పొయ్యింది, నోరు పొయ్యింది. చిన్న రూములో గోడ వారన మంచం. ఎదురుగా మేకుకి ఆ సంచి. ఆయనింటామె నాకు కుర్చీ వేసింది. ఆ యమ్మ చెవుల్లో వేపపుల్లలుండాయి. కమ్మలు తీసిచ్చిన కాడినించీ అట్లనే ఉండాదంట.

"దినమంతా ఆ సంచినే చూస్తాడు పాపా. ఏం కావాల్నో చెప్పలేడు. నేను దాన్ని ముట్టను" అనింది.

నాకు అర్థమయ్యింది. లేసి సంచి దించి, దూది కింద నించి పొట్లం తీసినా. "సార్, ఇది నాకిచ్చేయండి" అనినా.

ఆయన కండ్లు నా మీదికొచ్చినాయి. ఎడమచెయ్యి మెల్లిగా పైకెత్తి, పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. ఆ స్థితిలో గూడా. నోటితో చెప్పమంటా ఉండాడు.

"దీన్ని నేను దానం పడతా ఉండాను సార్. పాపమంటూ ఉంటే నాకే. నేనే అడిగి తీసుకుంటా ఉండాను."

ఆయనింటామె నా చెయ్యి పట్టుకునింది. "వద్దు తల్లీ, సంసారంలో ఉండేదానివి." నేను వినలా. పొట్లం విప్పి ఆయన అరచేతిలో పెట్టి, మంచం పక్కన కొంగు పట్టినా. ఎత్తి వేసేదానికి ఆయనకి బలం లేదు. వేళ్ళతో నెట్టినాడు, నెట్టినాడు, శానాసేపటికి అది జారి నా కొంగులో పడింది. ఆయన కండ్లు మూసుకున్నాడు.

చిత్తూరులో ఆచారికిచ్చి దాన్ని కరిగించి కమ్మలు చేయించినా. ఆ యమ్మ వయసోళ్ళు పెట్టుకునే పాతకాలం కమ్మలు, అదే మోడలు అడిగి చేయించినా. తీసకపోయి ఆ యమ్మ ముందర పెట్టినా. ముట్టుకోలా. "పాపం నేను పట్టేసినానమ్మా. బంగారం మీది" అనినా. అప్పుడు ఆ యమ్మ పొట్లం తీసుకోని ఇంగువ డబ్బాలో వేసి మూత పెట్టేసింది. నేను పోరు పెట్టలా. ఆయన దగ్గిర నేర్చుకున్నదదే గదా.

ఫ్లెక్సీ చూసినాక కర్మాంతరానికి పొయ్యినా. పెరట్లో ఆడోళ్ళు ఆ యమ్మని పీట మీద కూచోబెట్టుకోనుండారు. బొట్టు తీసేసినారు, గాజులు తీసేసినారు, మెట్టెలు తీసేసినారు. ఆయన అక్క ఒకామె వంగి ఆ యమ్మ చెవుల కాడ చూసింది.

"ఇవెప్పటివి? వీడు పడిపోయి మంచంలో ఉంటే కమ్మలు పెట్టుకున్నావా? ఎవురు పెట్టుకోమన్నారు నిన్ను?"

తీసేదానికి చెయ్యి చాపింది. ఆ యమ్మ రెండు చేతులతో రెండు చెవులూ మూసుకునింది. ఆ గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలా.

"ఎవురూ చెప్పలా. ఆయన పొయ్యే ముందు దినం, ఆయన కండ్లెదురుగా నేనే పెట్టుకున్నా."